బడికి ఊరు అండ



ఒక బడి బాగుందో లేదో తెలుసుకోవాలంటే మనం ముందుగా ఏం చూస్తాం? గోడల రంగులు, గదుల్లో బల్లలు, హాజరు పట్టీ, పిల్లల మార్కులు. ఇవన్నీ చూడవలసినవే. ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తూ చాలా బళ్లు తిరిగాక, నేను ముందుగా అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. టీచరు రాకపోతే ఊళ్లో ఎవరు అడుగుతారు? ఒక పిల్ల బడి మానేస్తే ఆ ఇంటి గడప ఎవరు తొక్కుతారు? బడికి వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో ఎవరికి తెలుసు? వీటికి జవాబుగా ఊళ్లో నలుగురి పేర్లు వినిపిస్తే ఆ బడికి ఢోకా లేదు. ఒక్క పేరూ వినిపించలేదంటే, భవనం ఎంత బాగున్నా ఆ బడి గురించి దిగులు పడాల్సిందే.

ఈ సంగతి నాకు బాగా తెలియజెప్పింది సీతంపేట కొండల్లోని ఒక సవర గూడ. అక్కడి ప్రాథమిక పాఠశాల బాగోగులు చూస్తున్న పెద్దలతో, తల్లులతో, మాస్టారితో ఒక పూట గడిపాను. వారు బడిని ఎలా చూసుకుంటున్నారో, వారి నుంచి మనం ఏం నేర్చుకోవాలో ఈరోజు మీకు చెబుతాను.

సవరలు తూర్పు కనుమల్లో తరతరాలుగా ఉంటున్న ఆదివాసులు. మన వైపు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ వారి ఊళ్లు ఉంటాయి. పోడు మీద కంది, చోడి, జొన్న. కొండవాలున జీడిమామిడి, అనాస, పసుపు. అడవి నుంచి కొండచీపుర్లు, అడ్డాకులు. ఇవీ వారి బతుకుతెరువులు. వారి భాష ముండా కుటుంబానికి చెందింది. తెలుగుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. సంతలో బేరమాడటానికి పెద్దలు తెలుగు నేర్చుకుంటారు గాని, అయిదేళ్ల పిల్లాడికి ఇంట్లో వినబడేది సవరే.

సవర గూడలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. ముందు పొడుగునా ఎత్తయిన అరుగు ఉంటుంది. ఒక ఇంట్లో పిల్ల ఏడిస్తే నాలుగిళ్ల అవతల వినబడుతుంది. ఊరి పెద్దను గమాంగ్ అంటారు. పూజలు చేసేవాడు బుయ్య. ఏ వాలున పోడు కొట్టాలి, కందికొత్త పండుగ ఎప్పుడు చేసుకోవాలి, రెండిళ్ల మధ్య తగువు ఎలా తీర్చాలి, అన్నీ అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే తేల్చుకుంటారు. ఇలా అల్లుకుపోయి బతికే ఊరికి బయటి నుంచి ఒక బడి వస్తే, ఊరు దాన్ని తనలో కలుపుకొంటుందా, సర్కారు వారి వస్తువుగా చూసి పక్కన పెడుతుందా? అంతా అక్కడే ఉంది.

నేను వెళ్లిన రోజు ప్రధానోపాధ్యాయుడు నన్ను తిన్నగా బడికి తీసుకువెళ్లలేదు. "ముందు పెద్దాయనకి కనబడదాం రండి" అన్నారు. ఈ మాస్టారు మైదానం మనిషి. పలాస దగ్గర సొంత ఊరు. ఈ కొండకి వచ్చిన కొత్తలో ఒక పైఅధికారి వచ్చి బడి చూసి, రిజిస్టర్లు చూసి, జీపెక్కి వెళ్లిపోయారట. ఆ సాయంత్రం పెద్దాయన మాస్టారిని పిలిచి, "మా ఊరొచ్చి మమ్మల్ని పలకరించకుండా పోయినాయన మా పిల్లల గురించి ఏటి రాసుకుంటాడు బాబూ?" అని అడిగారట. అప్పటి నుంచి ఎవరు వచ్చినా మాస్టారు ముందు అరుగు దగ్గరికే తీసుకువెళ్తున్నారు.

పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చోడి అంబలి ఇప్పించారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, వారు ఏం చదువుతున్నారు, అన్నీ అడిగారు. ఆ తర్వాత, "మీ పిల్లలు చదువుకున్న బడిలో మాస్టర్లు మీ మాటే మాటాడేవోరా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన తలూపి, "మావోళ్లకి ఆ వీలు లేదు. అందుకే బడి దగ్గర మేం కాపలా ఉండాలి" అన్నారు.

పగలగొట్టేవారి నుంచీ ఎత్తుకుపోయేవారి నుంచీ బడిని కాయడం గురించి కాదు ఆయన అన్నది. పిల్లాడికీ బడికీ మధ్య భాష కొండంత అడ్డుగా ఉన్నప్పుడు, ఆ పిల్లాడు దాన్ని దాటేదాకా ఊళ్లోవాళ్లు పక్కన నిలబడాలి అన్నది ఆయన ఉద్దేశం. విద్యాశాస్త్రం పుస్తకాల్లో ఎన్నో పేజీలు చదివి మేం చెప్పేది ఆయన అంత తేలిగ్గా చెప్పారు.

ఆ మధ్యాహ్నం బడి యాజమాన్య కమిటీ సమావేశం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 21వ సెక్షను ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కావాలి. సగం మంది మహిళలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, వారిలో ఇద్దరు మహిళలు ఉండాలి. బడి పనితీరు చూడటం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఈ కమిటీ పనులు. చట్టం తల్లిదండ్రులకు ఇచ్చిన అధికారం చిన్నదేమీ కాదు. చాలాచోట్ల ఆ అధికారం తీర్మానాల పుస్తకంలో వేలిముద్రల దగ్గరే ఆగిపోతోంది.

ఆ పుస్తకం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలుగా ఏం జరుగుతుంది? మాస్టారు ముందే తీర్మానాలు రాసి ఉంచుతారు. "నిధుల వినియోగమునకు కమిటీ ఏకగ్రీవముగా ఆమోదము తెలియజేయడమైనది" అని ఉంటుంది. సభ్యులు వచ్చి, టీ తాగి, ముద్ర వేసి వెళ్తారు. పది మంది తల్లుల్లో ఒక్కరికైనా ఆ వాక్యానికి అర్థం తెలియదు. తెలుగు తల్లిభాష అయిన ఊళ్లలోనే ఆ వాక్యం ఎవరికీ అందదు. ఇక సవర తల్లికి ఎలా అందుతుంది?

ఈ గూడలో పద్ధతి వేరు. ముందు మాస్టారు ఏం మాట్లాడాలో ఒక్కొక్కటిగా చిన్న చిన్న తెలుగు మాటల్లో చెప్పారు. ఊళ్లో డిగ్రీ చదివిన ఒక యువకుడు దాన్ని సవరలో చెప్పాడు. తర్వాత చాలాసేపు సవరలోనే వాదన నడిచింది. మాస్టారు మధ్యలో కల్పించుకోలేదు. వాదన ఒక కొలిక్కి వచ్చాక ఆ యువకుడు దాని సారాంశం తెలుగులో చెప్పాడు. మాస్టారు అక్కడికక్కడే పుస్తకంలో రాశారు. రాసింది పైకి చదివారు. యువకుడు మళ్లీ సవరలో వినిపించాడు. ఒక తల్లి చెయ్యెత్తి ఏదో అంది. ఒక మాట తప్పుగా రాశారట. మాస్టారు కొట్టేసి మళ్లీ రాశారు. ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. గంటలో ముగిసే సమావేశానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో నేను చూసింది ఊరు తన బడిని తానే నడుపుకోవడం.

వాదన దేని గురించి? కొండచీపుర్ల గురించి. సంక్రాంతి దాటాక కొండ మీద చీపురుగడ్డి కోతకు వస్తుంది. ఆ కొద్ది రోజుల్లో కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి సంతకు తేవాలి. ఇంటికి నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం అదే. తెల్లారకుండానే ఇంటిల్లిపాదీ కొండెక్కుతారు. పిల్లలూ వెంట వెళ్తారు. బడిలో హాజరు పడిపోతుంది. పై నుంచి మాస్టారికి నోటీసు వస్తుంది. ఆ తర్వాత మార్చిలో జీడిపిక్కల కాలం. మళ్లీ అదే తంతు.

ఒక తండ్రి అన్నాడు, పిల్లలు మోసే కట్టలు కూడా లెక్కలోకి వస్తాయి, ఆ కొద్ది రోజులకే ఏం మునిగిపోతుంది అని. ఒక తల్లి గట్టిగా అడ్డు చెప్పింది. ఆమె పెద్దకూతురు అలాగే కోతల కాలంలో బడి తప్పిపోయి, తిరిగి వెళ్లేసరికి పాఠాలు అందక, సిగ్గుపడి, మెల్లగా మానేసిందట. "కట్టలు ఇంకో ఏడు కూడా వస్తాయి, పిల్లకి మూడో తరగతి మళ్లీ రాదు" అని ఆమె అన్న మాటను యువకుడు నాకు తెలుగులో చెప్పాడు.

చివరికి పెద్దాయన తీర్పు చెప్పారు. బడికి వెళ్లే పిల్లలెవరూ కొండెక్కకూడదు. పొద్దున్నే పిల్లలకు తిండి పెట్టి బడికి పంపే పని, ఊళ్లో ఉండిపోయే ముసలమ్మలు వంతులవారీగా చూసుకోవాలి. కందికొత్త పండుగ రోజున బడికి సెలవు ఇవ్వాలి, ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉండే స్థానిక సెలవుల్లోంచి. ఈ చివరిది మాస్టారికి షరతు. ఆయన ఒప్పుకున్నారు.

ఇందులో ఒక పెద్ద పాఠం ఉంది. మన బడి క్యాలెండరు మైదానం పంటలకు, మైదానం పండుగలకు తగ్గట్టు తయారైంది. కొండ ఊళ్లో పిల్లలు రాలేదంటే తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదని రాసేస్తాం. అక్కడి ఏడాది ఎలా గడుస్తుందో ఎవరినీ అడగం. అడిగితే దారి ఊరే చూపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. అధికారి పంపిన నోటీసుతో జరగని పని, ఊరి పెద్ద ఒక్క మాటతో జరుగుతుంది. ఎందుకంటే ఆ మాట వెనుక అందరూ కూర్చుని వాదించుకున్న మూడు గంటలు ఉన్నాయి.

ఇక భాష సంగతి. సమావేశానికి ముందు ఒకటో తరగతిలో కాసేపు కూర్చున్నాను. పిల్లల ముందు కందిగింజల కుప్పలు ఉన్నాయి. సవర వచ్చిన భాషా వలంటీరు ఒక అమ్మాయి లెక్కలు చెబుతోంది. గింజలు పదేసి చొప్పున అడ్డాకు మీద పేర్చమంది. ఒక పిల్లాడు తొమ్మిదే పెట్టాడు. పక్కనున్న పిల్ల వాడి ఆకు వైపు చూసి, సవరలో ఏదో చెప్పి, తన దగ్గరి గింజ ఒకటి ఇచ్చింది. వాడు ఆ గింజ తీసుకోకుండా, కుప్పలోంచి మరొకటి తెచ్చుకుని, మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాడు. తరగతి అంతా ఒకటే సందడి. అదే పిల్లలకు తెలుగు వాచకం చేతికి ఇచ్చిన తర్వాత గదిలో చప్పుడు తగ్గిపోయింది. పిల్లల తెలివి ఎక్కడికీ పోలేదు. వారి నోటికి తోడు దొరకలేదు, అంతే.

ఈ మాట నూరేళ్ల కిందటే ఒక తెలుగు ఉపాధ్యాయుడు గ్రహించాడు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ సవర కొండలు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తాను నేర్చుకోవాలి అనుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండ ఊళ్లలో తిరిగారు. మలేరియాకు క్వినైన్ వాడి వాడి చెవులు వినపడకుండా పోయాయి. అయినా వెనక్కి తగ్గలేదు. సవరలో వాచకాలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దనీ, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమనీ కోరారని చెబుతారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1938లో సవర నిఘంటువు వచ్చింది.

వాడుక భాష ఉద్యమ పితామహుడిగా గిడుగువారు మనకందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ ఉద్యమానికి కూడా బళ్లు చూడటానికి వచ్చిన ఒకాయనతో సంబంధం ఉంది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఈ వైపు బళ్లకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకూ బళ్లో చెప్పే తెలుగుకూ ఎందుకింత తేడా అని పంతుళ్లను అడిగాడు. గిడుగువారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. తనిఖీకి వచ్చినవాడు తీర్పులు చెప్పకుండా మనసు పెట్టి ఒక ప్రశ్న అడిగితే అది ఎంత దూరం వెళ్తుందో చూడండి.

సవరల్లోనూ చదువు పెద్దలు లేకపోలేదు. ఒడిశా వైపు మాంగే గొమాంగో అనే ఆయన 1936లో సవర భాషకు సొంత లిపినే సమకూర్చాడు. సొరంగ్ సొంపెంగ్ అని దాని పేరు. మన వైపు బడి పుస్తకాలకు తెలుగు లిపినే వాడుతున్నారు. లిపి ఏదైనా, తమ మాట అక్షరాల్లోకి ఎక్కాలన్న తపన ఆ సమాజంలో ఎప్పటి నుంచో ఉంది. మనం వెళ్లి నేర్పేదాకా చదువంటే తెలియని వారన్న భావన మనసులోంచి తీసేయాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. తల్లిభాషలో మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి పిల్లల్ని నడిపించడం దాని పద్ధతి. ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు అందించే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షనూ వీలైనంతవరకు తల్లిభాషలోనే బోధించాలంటోంది. అయినా ఆ గూడలో తల్లులు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ పిల్ల వచ్చే ఏడాది ఉంటుందా?" అన్నది. ఆ పిల్ల అంటే సవర వలంటీరు. ఆమె కొలువు ఏ ఏడాదికా ఏడాదే. జూన్‌లో బడి తెరిచే రోజుకు ఆమె వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఒకటో తరగతి పిల్లలకు బడి తెరిచిన మొదటి నెలే ఎంతో కీలకం. ఆ నెలలో తన మాట తెలిసిన మనిషి ఎదురుగా లేకపోతే పిల్లాడు బడికి దూరం జరుగుతాడు.

ఉపాధ్యాయుల నియామకాల సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 3 తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషను చెల్లదంది. ఆ తీర్పు న్యాయ చర్చ ఎలా ఉన్నా, తరగతి గదిలో పిల్లల భాష తెలిసిన టీచరు ఉండాలన్న అవసరం మాత్రం తీరలేదు. దారి ఏదైనా వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వాల మీద ఉంది. ఆ ఊళ్లలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ చదివిన సవర యువతీయువకులు ఉన్నారు. వారిని ఉపాధ్యాయ శిక్షణ దాకా తీసుకురావడం మాలాంటి వారి పని. ఆ పని మేం ఇంకా గట్టిగా చేయాలి.

ఊరి యువకులే పాఠం చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1990లలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) మన కొండ ఊళ్లలో మాబడి పేరుతో చిన్న చిన్న బళ్లు నడిపాయి. ఊరే పాక వేసింది, ఊరి కమిటీయే చూసుకుంది, చదువుకున్న స్థానిక యువకుడే పాఠం చెప్పాడు. ఆ బళ్లలో లోపాలు లేవనను. శిక్షణ చాలలేదు, జీతం చాలలేదు. కానీ ఆనాడు పాక కప్పు కోసం గడ్డి మోసిన తండ్రి బడి గురించి మాట్లాడినట్టు, ఇవాళ పక్కా భవనం ఉన్న ఊళ్లో చాలామంది మాట్లాడరు. భవనం కావాలి, జీతం కావాలి, శిక్షణ కావాలి. వాటితో పాటు ఊరి చెయ్యి కూడా పడాలి. ప్రభుత్వం తన వంతు ఇచ్చి, ఊరి వంతును ఊరికి వదలాలి. ఊరి అండ ఉంది కదా అని సర్కారు తన ఖర్చు తగ్గించుకుంటే అది అన్యాయం. డబ్బిస్తున్నాం కదా అని ఊరి నోరు నొక్కితే అదీ అన్యాయమే.

ఇంతవరకు ఊరి గొప్ప చెప్పాను. ఒద్దికగా ఉండే ఊళ్లలోనూ లోటుపాట్లు ఉంటాయి. వాటిని దాచి పొగిడితే ఆ ఊరికి మేలు చేసినట్టు కాదు. ఆ సమావేశంలో మగవాళ్లు అరుగు మీద ముందు కూర్చున్నారు, తల్లులు వెనక గోడకు ఆనుకున్నారు. మొదటి అరగంట ఒక్క తల్లీ మాట్లాడలేదు. అందరూ ఒకరికొకరు చుట్టాలైన చోట పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం కష్టం. గూడకు కాస్త దూరంగా, వాగు అవతల రెండు కుటుంబాలు ఉన్నాయి. సమావేశం కబురు వారికి అందలేదు. నలుగురూ ఒక్కటైన ఊళ్లో ఆ నలుగురిలో లేనివారి పిల్లలు ఎవరి కంటా పడరు. అయిదో తరగతి దాటిన ఆడపిల్లల చదువు విషయంలోనూ పెద్దల్లో తటపటాయింపు ఉంది.

మాస్టారు దీనికి ఒక ఉపాయం చేశారు. సమావేశానికి ముందు రోజు సాయంత్రం అంగన్‌వాడీ కార్యకర్త, స్వయం సహాయక సంఘం మహిళలు తల్లులతో విడిగా కూర్చుంటారు. ఏం అడగాలో అక్కడ అనుకుంటారు. మర్నాడు సమావేశంలో ఆ మాటలు తప్పక వినాలన్న నియమాన్ని పెద్దాయన చేతే చెప్పించారు. చీపుర్ల వాదనలో ఆ తల్లి అంత గట్టిగా మాట్లాడగలిగిందంటే, ముందు రోజు ఆమె మాటను నలుగురు తల్లులు బలపరిచారు కాబట్టే. వాగు అవతలి కుటుంబాల సంగతి నా ముందే ఒక తల్లి ఎత్తింది. ఇకమీదట కబురు చెప్పే పని ఒక కుర్రాడికి అప్పగించారు. ఊరి కట్టుబాట్లను కాదనకుండా, వాటిలోపలే బలహీనులకు చోటు చేయించిన ఆ మాస్టారి ఓర్పుకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను.

అయిదో తరగతి తర్వాత పిల్లలు ఆశ్రమ పాఠశాలకు వెళ్తారు. అక్కడే ఉంటారు. దాని గురించి తల్లులు నన్ను సూటిగా అడిగారు. పిల్లకు జ్వరమొస్తే మాకు ఎవరు చెబుతారు? ఎప్పుడు చెబుతారు? బాగోలేదని తెలిసి మేం వస్తే, లోపలికి రానిస్తారా? ఇంటికి పది అడుగుల్లో ఉన్న బడిని కంటికి రెప్పలా చూసుకున్న తల్లులు, బిడ్డ హాస్టలుకు వెళ్లగానే ఏమీ తెలియనివారు అయిపోతున్నారు. తర్వాతి సమావేశానికి ఆశ్రమ పాఠశాల వార్డెనును పిలవాలని ఆ రోజు తీర్మానం రాసుకున్నారు. ఇది ప్రతి ఐటీడీఏ పరిధిలోనూ జరగాలి. చిన్న బడి కమిటీకి పెద్ద బడిలో కూడా మాట చెల్లాలి. అయిదేళ్లపాటు కట్టుకున్న నమ్మకం ఆరో తరగతి గుమ్మం దగ్గర తెగిపోకూడదు.

నా తోటి ఉపాధ్యాయులకు, మండల విద్యాశాఖ అధికారులకు, బళ్లు చూడటానికి వెళ్లే అందరికీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

బడికి వెళ్లినప్పుడు ముందు ఊరి పెద్దలను, తల్లులను కలవండి. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు. కమిటీ సమావేశం ఆ ఊరి భాషలో జరిగేలా చూడండి, రాసింది పైకి చదివి వినిపించండి, వారు దిద్దమంటే దిద్దండి. తల్లులకు విడిగా మాట్లాడుకునే వీలు కల్పించండి. ఊరి చివర ఉన్నవారికి కబురు అందిందా అని అడగండి. పంటల కాలం, పండుగల కాలం తెలుసుకుని, మీ చేతిలో ఉన్న స్థానిక సెలవులను ఆ ప్రకారం వాడండి. ఒకటో తరగతిలో పిల్లల మాట తెలిసిన మనిషి జూన్ మొదటి రోజు నుంచే ఉండేలా, ఏప్రిల్ నుంచే పైవారికి రాయండి, వెంటపడండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కొండ మీద ఉన్నా, మైదానంలో ఉన్నా, పట్నంలో ఉన్నా, మీ పిల్లలు సర్కారు బడిలో చదువుతుంటే ఆ బడి కమిటీ మీదే. చట్టం మీకు ఇచ్చిన చోటు అది. అక్షరం రాదని, తెలుగు సరిగా రాదని, అధికారి ముందు మాట తడబడుతుందని వెనక్కి తగ్గకండి. ముద్ర వేసేముందు "ఇందులో ఏం రాశారు, చదివి చెప్పండి" అని అడగండి. ఆ మాట అడగడానికి చదువు అక్కర్లేదు. ఆ మాట అడిగిన ఊళ్లో బడి మారకుండా ఉండదు.

కమిటీ సమావేశాలు ప్రతి బడిలోనూ జరుగుతూనే ఉంటాయి. మీ ఊరి బడిలో ఈసారి ఎప్పుడు జరుగుతుందో రేపే కనుక్కోండి. వెళ్లండి, కూర్చోండి, మీ మాట చెప్పండి, పక్కింటి తల్లిని కూడా వెంట తీసుకువెళ్లండి.